పాము జబ్బు – పాము స్వభావము



కార్తికమాసము సమీపించుచున్నది. దీపావళి గడచిన నాలుగవ నాడు నాగులచవితి. చలిమిడి, చిమ్మిలి సిద్ధము చేసికొని పాలచెంబుతో పుట్టకు పోవుట తరతరములనుండి మనకు వచ్చుచున్న ఆచారము. భద్రాచలమున శ్రీరాముని చెంత నిలిచిన లక్ష్మణస్వామి ఆదిశేషుని అంశమని నమ్మిన సీమ మనది. ఇట్టి సీమలో పాముపై భక్తి యుండుట వింత గాదు. కాని భక్తి యున్నంతమాత్రమున తెలివి యుండదని మేము ఒక్క సంవత్సరములోనే రెండుమారులు తెలిసికొంటిమి. ఆ రెండుమారులును పాలగిన్నె మా చేతనే యుండెను. ఆ రెండు పాములును చనిపోయినవి. మొదటిది ఆరోగ్యముతో నుండగా జబ్బని భయపడితిమి. రెండవది జబ్బుతో నుండగా మహిమ యని మ్రొక్కితిమి. మేము చేసిన పొరపాటు మీరు చేయకుండుటకై ఈ మాసము ఈ విషయము వ్రాయుచున్నాము.

మొదటిది భాద్రపదమున జరిగెను. ఖమ్మమునుండి భద్రాచలము పోవు దారిలో అడవి అంచుననున్న పల్లె మాది. వానలకు కన్నములలో నీరు నిండి పాములు ఇండ్ల దరికి చేరుట ఇచట సామాన్యము. మా వారి బడిలో చదువు బాలుడొకడు మూరెడు పొడవు గల జెర్రిపోతు పిల్లను కుండలో నుంచి పెంచుచుండెను. దానికి చిన్నకప్పలను తెచ్చి వేయుచు, బడి విడువగానే దాని చెంత కూర్చుండుచు ప్రాణముగా చూచుకొనెడివాడు. ఒకనాడు ఆ కుండను చంకన బెట్టుకొని యేడ్చుచు మా వాకిటికి వచ్చెను.

"అమ్మా, దీని కండ్లు పోయినయి. నాలుగు దినాల సంది ఏమీ తింటలేదు" అనెను.

తొంగి చూచితిమి. కండ్లపై పాలనీలపు పొర క్రమ్మియుండెను. చర్మము వన్నె తగ్గి బూడిద పూసినట్లుండెను. అది కుండ మూలలో చుట్టుకొని పడియుండి, పుల్లతో తాకగానే బుస్సుమనెను. గ్రుడ్డిదైనది, ఆకలితో చచ్చుచున్నది అని మేము నిశ్చయించితిమి. బిడ్డ అన్నము తినకున్న పాలైనను పట్టించుదుము గదా! ఆ విధముననే బాలుని చేత దాని తల పట్టించి, పుల్లతో నోరు తెరచి, చెంచాతో పాలు పోసితిమి. మరునాడును పోసితిమి. మూడవనాడు దాని ముక్కు రంధ్రములయొద్ద బుడగలు కనబడెను. అది తల నిలువుగా ఎత్తి నోరు తెరచుకొనియుండెను. దాహము కాబోలునని మరల పాలు పోసితిమి. ఆ రాత్రి గడువలేదు.

రెండవది అదే యేడు నాగులచవితినాడు జరిగెను. పాములవాడొకడు బుట్టతో మా వీధికి వచ్చెను. మూత తీయగానే నాగుపాము తల ఎత్తెను. వీధిలోని స్త్రీలందరము చేరితిమి. ముందు పెట్టిన పాలను ఆ పాము గటగట త్రాగినది. అందరము చేతులు జోడించితిమి. దాని వెన్నుపూస గట్టువలె తేలియుండెను. పెద్దముత్తైదువ యొకరు "ఏండ్లు నిండిన పాము, అందుకే మహిమ గలది" అనిరి. పాత కుబుసము ముక్కలు ముక్కలుగా ఒంటికి అంటుకొని యుండగా ఆ ముక్కలను ప్రసాదమని తీసికొంటిమి. నోటి అంచున తెల్లనిదేదో యుండగా పాలనురుగు అనుకొంటిమి. అది తల ఎత్తి నోరు తెరచినపుడు స్వామి దీవించుచున్నాడనుకొంటిమి. రెండు నెలల క్రిందట కుండలోని పాము సరిగా ఆ విధముననే నోరు తెరచెను. కన్ను చూచెను గాని మనసు చూడలేదు. అంతటితో పోక, మా చిన్నదానిచేత ఆ పాము తలను ముట్టించితిమి.

పాములవాడు ఆ రాత్రి బడి అరుగుపై పడుకొనెను. తెల్లవారి బుట్ట తీయగా పాము చచ్చియుండెను. "అమ్మా, నా కూడు పోయింది" అని వాడు విలపించెను. మా వారు కారణమడుగగా వాడే కర్రపుల్లతో దాని నోరు తెరచి చూపెను. కోరలు పెరికిన చోట పుండ్లు పడి, పెరుగుగడ్డ వంటి చీము పట్టియుండెను. మేము నురుగనుకొన్నది అదియే.

సంక్రాంతికి మా బంధువొకరు వచ్చిరి. వారు పశువైద్యులు. ఈ రెండు కథలును విని, "మొదటి పాముకు ఏ జబ్బును లేదు. అది కుబుసము విడుచుటకు సిద్ధమగుచుండెను. దానికి జబ్బు మీరు తెచ్చితిరి. రెండవదానికి లేని జబ్బు లేదు. దానిని మీరు చూడలేదు" అనిరి. ఆ మాట మాకు ములుకువలె నాటెను. వారి వలన తెలిసికొన్నదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు చెప్పెదము.

చిన్ననాట తండ్రిగారి యొద్ద అమరకోశము వల్లె వేసితిమి. అందు పాముకు పేళ్లనేకములు గలవు. పవనాశనమట, గాలిని తిని బ్రదుకునది. చక్షుశ్శ్రవమట, కంటితో వినునది. ఈ పేళ్లు పెట్టిన పెద్దలు పామును నిదానముగా చూచినవారని ఇపుడు తోచుచున్నది. పాలు త్రాగునది యను పేరు మాత్రము అందు లేదు.

ముందుగా కన్ను, చర్మము. పాముకు కనురెప్పలు లేవు. అద్దము వంటి పారదర్శకమైన పొర యొకటి కంటిని కప్పియుండును. అదియు చర్మములో భాగమే. కుబుసము విడుచుటకు ముందు పాత చర్మమునకు, క్రొత్త చర్మమునకు నడుమ ద్రవమూరును. అందుచేత కన్ను పాలనీలముగాను, ఒడలు మసకగాను అగపడును. కొన్ని దినములకు కన్ను మరల తేటపడును. ఆ పిమ్మట కొలది దినములకే పాము మూతిని రాతికో కొమ్మకో రాచి, మేజోడు తిరగదీసినట్లు కుబుసమును ఒలుచుకొనును. ఎదుగుచున్న పిల్లపాము ఎక్కువమారులు, పెద్దది తక్కువమారులు విడుచును. ఆ దినములలో దానికి చూపు మందగించును. కనుకనే అది మూలన దాగును, తిండి మానును, తాకిన బుసకొట్టును. ఇవన్నియు స్వభావములే. నీరును, నీడను ఉంచి దాని మానాన దానిని విడుచుటయే వలసిన ఉపచారము.

జబ్బు గుర్తు వేరు. కుబుసము ఒక్క తొడుగుగా రాక పేలికలు పేలికలుగా ఊడుట, కంటిపై పాత పొర నిలిచిపోవుట, తోకకొనయందు ఉంగరమువలె బిగిసియుండుట మంచివి కావు. ఒంటిలో నీరు చాలనపుడును, ఉన్న చోటు మిక్కిలి పొడిగా నున్నపుడును, వేరు రోగముచే నీరసించినపుడును ఇట్లగును. తోకకు బిగిసిన ఉంగరము నెత్తురు నాపి ఆ కొనను చంపివేయును. మీ పెరటిలో ఎపుడైన కుబుసము దొరకిన తలవైపు చూడుడు. కండ్ల చోట చిన్న గాజుబిళ్లల వంటి పొరలతో సహా, మూతినుండి తోకవరకు నిండుగా నున్నయెడల దానిని విడిచిన పాము క్షేమముగా నున్నదనుకొనవచ్చును. అది దగ్గరనే తిరుగుచుండవచ్చును గనుక చీకటిలో దీపము లేక పెరటికి పోకుడు.

రెండవది ఆహారము. మనము తిన్న అన్నములో చాలభాగము ఒడలి వేడిని నిలుపుటకే వ్యయమగును. పాము వేడిని ఎండనుండి, నేలనుండి గ్రహించును. కావున దానికి తిండి మిక్కిలి కొంచెము చాలును. వారమునకొకమారు తినునవి కలవు, కొన్ని వారములకొకమారు తినునవి కలవు. పెద్ద కొండచిలువ నెలల తరబడి తినకుండ నుండగలదు. చలికాలమున అన్నిటికిని ఆకలి తగ్గును. పవనాశనమను పేరు ఇందుచేతనే పుట్టెనేమో! కాబట్టి తినకుండుట జబ్బు గాదు, చిక్కిపోవుట జబ్బు. వెన్ను గట్టువలె తేలుట, ప్రక్కల చర్మము మడతలు పడుట, కండ్లు లోతుకు పోవుట ఆకలికిని, నీరులేమికిని గురుతులు. మ్రింగిన తరువాత ఉబ్బిన కడుపుతో కదలక పడియుండుట, దవడలను సరిచేసికొనుటకు ఒకటి రెండుమారులు ఆవులించుట సహజము. తిన్న వెంటనే బెదరించిన కక్కివేయుటయు సహజమే. ఎవరును కదపకుండగనే మాటిమాటికి కక్కుట మాత్రము రోగము. విసర్జనములో సున్నపుముద్దవలె తెల్లనిది కనబడిన వెరవ పనిలేదు. మూత్రమును నీరుగా గాక అట్లు గట్టిగా విడుచుట దాని ప్రకృతి.

మూడవది నాలుక, ఊపిరి, నోరు. పాము నాలుక నాడించుట కోపము గాదు. నాలుకతో గాలిలోని వాసనను పట్టి నోటి పైభాగముననున్న జాకబ్సన్ అవయవమునకు అందించును. మనము దరికి పోయినపుడు నాలుక చురుకుగా ఆడిన పాము తెలివితో నున్నదన్నమాట. బుసకొట్టుట, పడగ విప్పుట భయమువలన కలుగు హెచ్చరికలు. ఊరకున్నపుడు ఆరోగ్యముగల పాము నోరు మూసికొని చప్పుడు లేక ఊపిరి పీల్చును. ఊరకున్నపుడు గురగుర చప్పుడు, ముక్కుయొద్ద బుడగలు, తల నిలువుగా ఎత్తి నోరు తెరచియుంచుట, ఇవి ఊపిరితిత్తి జబ్బు గుర్తులు. మనకువలె దగ్గి కఫమును వెడలగొట్టుటకు వలసిన పొర పాముకు లేదు. అందుచేత లోన చేరినది లోననే నిలుచును. పాము గాలిగొట్టము ద్వారము నోటి అడుగున ముందువైపుననే యుండును. చెంచాతో బలవంతముగా పోసిన ద్రవము సులభముగా అందులోనికి జారును. మా కుండలోని పాము చచ్చినది అందుచేతనే. నోటిలోపల లేతవన్నెతో శుభ్రముగా నుండవలెను. ఎఱ్ఱని చుక్కలు, వాపు, పెరుగువంటి చీము కనబడిన నోటికుళ్లు అను రోగము పట్టినదన్నమాట.

ఇక నాగులచవితి నాటి పామును తలచుకొనుడు. వెన్ను తేలుట ఏండ్లు నిండుటచే గాదు, ఆకలిచే. కుబుసపు ముక్కలు ప్రసాదము గావు, నీరులేమి. నోరు తెరచుట దీవెన గాదు, ఊపిరాడమి. పాలు గటగట త్రాగుటయో? పాము మాంసాహారి. పిల్లకు పాలిచ్చు జంతువు గాదు. పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి దానికి లేదు. పండుగకు ముందు కొన్ని దినములు నీరు చూపక ఎండగట్టినయెడల, గొంతెండిన ప్రాణి ఎదుట నున్న ద్రవము నేదైనను త్రాగును. పామునకు పాలు పోసి పెంచుట యను సామెత మనుష్యుల కృతఘ్నతకు చెప్పినది గాని పాములకు వంట చెప్పినది గాదు.

నాగస్వరమునకు ఆడుటయు నిట్టిదే. పాముకు బయటి చెవి లేదు. నేల అదురును, కొన్ని మంద్రస్వరములను గ్రహించునేకాని రాగమునకు పరవశము కాదు. ఊగుచున్న బుర్రను శత్రువనుకొని దానివెంట కన్ను త్రిప్పును. చక్షుశ్శ్రవమనుట ఎంత తగియున్నది! కోరలు పెరికిన పాము నిరపాయకరమను మాటయు నమ్మరాదు. పాము కోరలు ఊడినకొలది వెనుకనుండి క్రొత్తవి వచ్చును. మా చిన్నదాని చేయి ఆనాడు ఎచట నుండెనో తలచినపుడెల్ల మాకు ఒడలు జలదరించును. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన అధ్యయనమొకటి అంచనా వేసినది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఇందులకు ముఖ్యకారకములు. ఆటబొమ్మగా చూచుటకు ఇది తగిన ప్రాణి గాదు.

పెంపకమునుగూర్చి చట్టమేమనునో తెలిసికొనుట అవసరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన అడవిపాములను పట్టుట, పెంచుట, ఆడించుట నేరములు. కుండలో జెర్రిపోతు నుంచుటయు తప్పే. మాకపుడు తెలియదు. పాల్వంచ దరినున్న కిన్నెరసాని అభయారణ్యమువంటి అడవులు వాని ఇండ్లు. పట్టణములలో కొందరు యువకులు బాల్ పైథాన్ మొదలగు విదేశపు పాములను పెంచుచున్నారు. వానిని ప్రభుత్వపు పరివేష్ జాలస్థలమున నమోదు చేయవలెనని 2024లో నియమములు వచ్చినవి. మీ బంధువులలో అట్టి వారున్నయెడల పైన చెప్పిన గుర్తులన్నియు వారికి ఉపయోగించును. బాల్ పైథాన్ చలికాలమున నెలలకొలది తిండి మానుట ప్రసిద్ధము. బరువు నిలిచియున్నంతవరకు బలవంతముగా తినిపింపరాదు. బుడగలు, చీము, చిక్కిపోవుట కనబడిన ఇంటివైద్యము మాని పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను.

పాములవారిపై కోపము వలదు. వారు కడుపేదలు, తాతలనాటి వృత్తిని నమ్ముకొన్నవారు. దారి చూపిన మారుదురనుటకు తమిళదేశపు ఇరులులే నిదర్శనము. వారు 1978లో సహకార సంఘముగా ఏర్పడి, ప్రభుత్వానుమతితో పాములను పట్టి, కొలదివారములు మట్టికుండలలో నుంచి, విషమును తీసి, మరల అడవిలో విడుచుచున్నారు. ఆ విషముతోనే కాటునకు విరుగుడుమందు తయారగుచున్నది. పామును చంపక, దానిచే ప్రాణములను నిలుపుట! ఆస్తీకుడు సర్పయాగమును ఆపిన కథ మనము విన్నదే. ఇదియు అట్టి పుణ్యకార్యముగనే మాకు తోచుచున్నది.

కావున ఈ చవితికి మేము చేయబోవునది చెప్పెదము. పుట్టకు పసుపు, కుంకుమ, పూలు సమర్పించి దూరమునుండియే నమస్కరింతుము. పుట్టను కట్టినది చెదపురుగు, నీడకై చేరినది పాము. వారి ఇంట పాలు పోసి తడుపుట ఇద్దరికిని మేలు గాదు. ఆ చెంబెడు పాలు ఇరుగుపొరుగు పిల్లలకు పంచుదుము. పాముబుట్ట వాకిటికి వచ్చినయెడల మూత తీయనీయక, ఆ మనుష్యునికి అన్నము పెట్టి, అటవీశాఖవారికి తెలియజేయుదుము. ఇంటిలోనో పెరటిలోనో పాము కనబడిన కర్ర ఎత్తక, పిల్లలను దూరముగా నుంచి, దానిపై చూపు నిలిపి, అటవీశాఖకు గాని శిక్షణపొందిన పాములు పట్టువారికి గాని కబురు పంపుదుము. అది కదలకున్నను, కండ్లు తెల్లబడియున్నను జబ్బుపడినదని దరికి పోము. కాటు పడిన మంత్రములకు, పసరులకు కాలము గడుపక, 108 బండిని పిలిచి, కదలనీయక ఆసుపత్రికి చేర్చుదుము.

ఆ బాలుడు ఇపుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. మొన్న వానలలో మా పెరటి గోడప్రక్కన నిండు కుబుసమొకటి దొరికినది. వాడు దానిని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, తలవైపు ఎండకు పట్టి చూపుచు, "అమ్మా, కండ్ల పొరలు రెండూ ఉన్నయి. ఇది మంచిగనే ఉన్నది" అనెను. మేము పాలు వెదకలేదు.